అక్వేరియం మొక్కల ఎంపిక: ముందు కత్తెర సంగతి, తర్వాతే రంగు సంగతి

అక్వేరియంలో మొక్కలు పెంచాలనుకునేవారు మొదట రంగు చూస్తారు, తర్వాత ఆకు ఆకారం చూస్తారు, ఆఖరున ఇది తేలిగ్గా బతుకుతుందా అని అడుగుతారు. ఈ మూడూ చూడాల్సినవే. అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ మొక్కకు ఎన్నాళ్లకోసారి కత్తెర పెట్టాలి? ఎక్కడ పెట్టాలి? అంత తీరిక మనకు ఉందా? బతికే మొక్కను తెచ్చుకోవడం పెద్ద పని కాదు. బాగా బతికిన మొక్క రెండు నెలల తర్వాత తొట్టెలో ఎంత చోటు ఆక్రమిస్తుందో, మన చేత ఎంత పని చేయిస్తుందో ముందే తెలుసుకుని తెచ్చుకోవడమే అసలైన ఎంపిక.

మొక్క వేగాన్ని నిర్ణయించేవి మూడు: వెలుతురు, కార్బన్ డయాక్సైడ్, పోషకాలు. వీటిలో ఏది కొరవడితే ఎదుగుదల అక్కడే ఆగుతుంది. మిగతా రెండూ ఎంత పెంచినా ఫలితం ఉండదు. దీపం ఒక్కటే పెంచి గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) ఇవ్వకపోతే మొక్క ఆ వెలుతురును వాడుకోలేదు, పాచి వాడుకుంటుంది. మూడూ సమృద్ధిగా ఇస్తే కొన్ని మొక్కలు చూస్తుండగానే నీటి పైకి చేరతాయి. వాటిని పట్టించుకోకపోతే కాండాలు పైన అడ్డంగా పరుచుకుంటాయి, తొట్టె అంతటా నీడ కమ్ముతుంది, దిగువ ఆకులు పసుపెక్కి రాలిపోయి వట్టి కాడలు మిగులుతాయి. నిదానంగా పెరిగేవాటి చిక్కు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్కో ఆకు నెలల తరబడి నిలుస్తుంది కాబట్టి గట్టి వెలుతురులో దాని మీద పాచి పట్టడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. అందువల్ల మొక్క, దీపం, గ్యాస్, కత్తెర వేర్వేరు నిర్ణయాలు కావు. ఒకటి మార్చితే మిగతా మూడింటినీ మళ్లీ సరిచూసుకోవాలి.

కాండం మొక్కలు: ఎక్కువ అందం, ఎక్కువ పని

రొటాలా రొటుండిఫోలియా, లడ్విజియా రెపెన్స్, హైగ్రోఫిలా పాలిస్పెర్మా, లిమ్నోఫిలా సెసిలిఫ్లోరా, బకోపా కరోలినియానా వంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. నిటారుగా పెరిగే కాండం, దాని పొడవునా కణుపులు, కణుపుకో ఆకుల జత లేదా ఆకుల వలయం. తొట్టె వెనుక వరుసకు ఇవే ప్రాణం.

ఒక రొటాలా కాండాన్ని కత్తిరించే ముందు దగ్గరగా చూడండి. ఆకు కాండాన్ని కలిసే మూలలో కంటికి ఆనీ ఆనని మొగ్గ ఒకటి ఉంటుంది. కొన చిగురు ఉన్నంతకాలం అది ఆక్సిన్ అనే హార్మోన్‌ను కిందికి పంపుతూ ఆ మొగ్గలు విచ్చుకోకుండా ఆపుతుంది. కొన తీసేయగానే ఆ అదుపు తొలగిపోతుంది. కోతకు దిగువన ఉన్న కణుపు నుంచి సాధారణంగా రెండు కొమ్మలు పుడతాయి. అవి కాస్త పెరిగాక మళ్లీ కోస్తే రెండు నాలుగవుతాయి. నిండైన పొద ఎప్పుడూ కోతలతోనే వస్తుంది, ఒకేసారి ఎన్ని కాండాలు నాటినా రాదు. కోత కణుపుకు కొద్దిగా పైన పడాలి. కణుపుకు బాగా పైన కోస్తే ఆ మిగిలిన ముక్క కుళ్లుతుంది. కణుపును ఆనుకుని కోస్తే మొగ్గ దెబ్బతింటుంది.

ఎత్తు విషయంలో చాలామంది తొందరపడతారు. కొత్త కొమ్మలు కోత దగ్గర మొదలవుతాయి కాబట్టి, పొద 30 సెంటీమీటర్ల దగ్గర ఆగాలనుకుంటే మొదటి కోత 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర పడాలి. రెండోది దానికి రెండు మూడు సెంటీమీటర్ల పైన, మూడోది ఇంకాస్త పైన. ప్రతిసారీ పాత కోత మీదే కోస్తే అక్కడ ముడులు పడి, పొద అడుగు మొద్దుబారుతుంది.

ఇక కోసే పద్ధతులు రెండు. మొదటిది తలలు తీసేసి అడుగును అలాగే ఉంచడం. వేళ్లు కదలవు, అడుగు మట్టి చెదరదు, పొద గుబురెక్కుతుంది. కానీ ఎన్నోసార్లు కోశాక అడుగు భాగం ముదిరి, నీడలో ఆకులు రాల్చి, కొత్త చిగుళ్లు వేయడం తగ్గిస్తుంది. రెండోది కాండాన్ని మొత్తం పెరికి, ఆరోగ్యంగా ఉన్న పై భాగాన్ని మాత్రమే ఉంచుకుని, కింద రెండు కణుపుల ఆకులు తీసేసి మళ్లీ నాటడం. ఇందులో పై నుంచి కింది దాకా తాజా ఆకులే ఉంటాయి, ఎత్తులు కచ్చితంగా కుదురుతాయి. అయితే శ్రమ ఎక్కువ, పెరికినప్పుడల్లా మట్టి లేచి నీళ్లు కలకబారతాయి. 1930ల నుంచి నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకున్న డచ్ పద్ధతి తొట్టెల్లో మెట్లుమెట్లుగా కనిపించే వరుసలకు ఈ రెండో పద్ధతే ఆధారం. జపాన్‌కు చెందిన తకాషి అమానో వ్యాప్తిలోకి తెచ్చిన నేచర్ అక్వేరియం పద్ధతిలో గుండ్రటి పొదలు ఎక్కువ కాబట్టి అక్కడ మొదటిది నప్పుతుంది. ఇంట్లో పెంచుకునేవారికి నా సలహా: మూడు నాలుగు కోతల దాకా మొదటి పద్ధతి పాటించండి. అడుగు వట్టిపోయినట్టు కనిపించగానే ఒకసారి రెండోదానికి మారి, తలలు నాటి, మళ్లీ మొదటికి రండి.

ఏ కాండం మొక్క ఎవరికి? హైగ్రోఫిలా, లిమ్నోఫిలా గ్యాస్ లేకపోయినా పరుగులు తీస్తాయి. గ్యాస్ ఇస్తే వారం వారం కత్తెర తప్పదు. రొటాలా కొంచెం నెమ్మది, కానీ సన్నని ఆకులతో కోతకు చక్కగా లొంగుతుంది. పొద ఆకారం తీర్చిదిద్దడం నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదని నా నమ్మకం. బకోపా అన్నిటికంటే నిదానం, మందపాటి కాండం, నిటారు నడక. కొమ్మలు వేయడంలో మాత్రం కాస్త పిసినారి. నెలకోసారి కంటే ఎక్కువ కోయలేమనుకునేవారు బకోపా పెట్టుకుంటే చాలు.

ఎరుపు కోసం తపించేవారికి ఒక మాట. రొటాలా మాక్రాండ్రా, ఆల్టర్నాంథెరా రైనెకీ వంటివి గట్టి వెలుతురు, గ్యాస్, క్రమం తప్పని ఎరువు మూడూ అడుగుతాయి. అవేవీ లేకుండా ఎరుపు కావాలంటే నింఫియా జెంకెరీ అనే ఎర్ర కలువ మంచి ఎంపిక. దుంప నుంచి వచ్చే ఆకులు ముదురు ఎరుపులో నీటిలోపలే పరుచుకుంటాయి. దాని కత్తిరింపు కూడా వేరు. పొడవాటి కాడతో నీటి పైకి ఎగబాకే ఆకులను మొదలంటా కోసేస్తూ ఉండాలి. పైకి పోయిన ఆకులను వదిలేస్తే మొక్క బలమంతా అటే పోయి, నీటిలోపలి ఆకులు తగ్గిపోతాయి.

కొమ్ము మొక్కలు: ఓపికకు ఫలితం

అనూబియాస్, జావా ఫెర్న్, బ్యూసెఫలాండ్రా ఈ వర్గం. వీటి కాండం పసుపు కొమ్ములా అడ్డంగా పాకుతూ, పై నుంచి ఆకులను, కింది నుంచి వేళ్లను వేస్తుంది. పోలిక రూపం వరకే. పసుపు కొమ్మును మట్టిలో పాతుతాం, దీన్ని పాతకూడదు. ఇసుకలో కప్పెడితే కొమ్ము కుళ్లి మొక్క చస్తుంది. దుంగకో రాయికో దారంతో కట్టాలి, లేదా చిక్కటి సయనోయాక్రిలేట్ జిగురు (సూపర్ గ్లూ) చుక్కతో అంటించాలి. కొన్నాళ్లకు వేళ్లే పట్టు దొరికించుకుంటాయి.

ఇక్కడ ఆకు సగంలో కోయడం వల్ల ప్రయోజనం లేదు, ఆ సగం మళ్లీ పెరగదు. పాచి పట్టిన ఆకును, ముదిరి పసుపెక్కిన ఆకును కాడ కొమ్మును కలిసే చోటికి కత్తెర మొన చేర్చి తెగ్గోయాలి. మొక్కను రెండు చేయాలంటే కొమ్మును పదునైన బ్లేడుతో ఒక్క వేటులో కోయండి. ప్రతి ముక్కకూ కనీసం మూడు నాలుగు ఆకులు, కొన్ని వేళ్లు ఉండేలా చూడండి. కోసిన చోట లేత ఆకుపచ్చ కండ గట్టిగా కనిపిస్తే కొమ్ము ఆరోగ్యంగా ఉన్నట్టు. మెత్తగా, గోధుమరంగులో, వాసన వేస్తూ ఉంటే కుళ్లు మొదలైందన్నమాట. గట్టి కండ కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్లి, ఆ భాగాన్నంతా తీసేయాలి. కోత తర్వాత వెనుక ముక్క నుంచి కూడా కొత్త చిగురు వస్తుంది, కాకపోతే వారాలు పడుతుంది.

జావా ఫెర్న్ ఆకు అడుగున వరుసగా నల్లటి చుక్కలు కనిపిస్తే కంగారుపడి కోసేయకండి. అవి మొక్క సంతతికి పనికొచ్చే సిద్ధబీజాల గుంపులు, జబ్బు కాదు. ముదురు ఆకుల అంచుల మీద పిల్ల మొక్కలు కూడా పుడతాయి. వాటికి వేళ్లు, రెండు మూడు ఆకులు వచ్చేదాకా ఆగి గిల్లి తీస్తే వేరే రాయికి కట్టుకోవచ్చు.

ఈ వర్గం తేలిక అన్న మాట నిజమే, కానీ ఆ తేలిక తక్కువ వెలుతురులోనే. అనూబియాస్‌ను దీపం నేరుగా పడేచోట పెడితే దాని గట్టి ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చుల పాచి చేరుతుంది, ఒకసారి చేరితే చేత్తో రుద్దినా పోదు. పెద్ద మొక్కల నీడలోనో, దుంగ పక్కనో పెట్టాలి. మొక్కలను తినే చేపలు, గోల్డ్‌ఫిష్ వంటివి, ఉన్నవారికి మాత్రం ఇది దాదాపు ఏకైక మార్గం. ఈ గట్టి ఆకుల జోలికి అవి అంతగా పోవు.

క్రిప్టోకోరిన్, కత్తి మొక్క, వాలిస్నేరియా

ఇవన్నీ మట్టిలో వేళ్లూని, ఒకే మొదలు నుంచి ఆకులు వేస్తాయి. ఆహారంలో ఎక్కువ భాగం వేళ్ల ద్వారా తీసుకుంటాయి కాబట్టి వట్టి ఇసుకలో నాటితే వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు పెట్టాలి.

శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకోరిన్ వెండ్టీ ఈ ముగ్గురిలో నాకు ఎక్కువ ఇష్టం. తక్కువ వెలుతురుకు ఓర్చుకుంటుంది, గోధుమ నుంచి ఆకుపచ్చ దాకా రంగులున్నాయి, కత్తెర పని రెండు మూడు నెలలకోసారి వెలుపలి ముసలి ఆకులు తీయడమే. దానికి నచ్చనిది మార్పు. చోటు మార్చినా, నీటి గుణం హఠాత్తుగా మారినా, ఒక్కసారే ఎక్కువ ఆకులు కోసినా మిగతా ఆకులు గాజులా పారదర్శకమై, రెండు మూడు రోజుల్లో జిగురుగా కరిగిపోతాయి. ఇది చూసి మొక్క చచ్చిందనుకుని పెరికి పారేసేవారే ఎక్కువ. పెరకకండి. కరిగిన ఆకులను మాత్రం తీసేసి మొదలును కదపకుండా ఉంచితే, వేళ్లు గట్టిగా ఉన్నంతవరకు, కొన్ని వారాల్లో కొత్త ఆకులు వస్తాయి. అవి కొత్త నీటికి అలవాటుపడిన ఆకులు కాబట్టి నిలబడతాయి.

ఎకినోడోరస్‌ను కత్తి మొక్క అనుకోవచ్చు, కత్తిలాంటి ఆకుల వల్లే దానికా పేరు. ఒంటరిగా తొట్టె నడుమ నిలిపితే రాజసంగా ఉంటుంది. ఇది చిన్న తొట్టెకు సరిపడదు, 100 లీటర్లకు తక్కువైతే పెట్టుకోవద్దంటాను. ఆకులు తీసి అదుపులో ఉంచవచ్చు, కానీ వేళ్ల వ్యాప్తిని ఆపలేం.

వాలిస్నేరియా రిబ్బన్ ఆకులు పైకి పోయి నీటి మీద పడుకుంటాయి. నేల కింద పాకే తీగలతో పిలకలు వేస్తూ కొన్ని నెలల్లో వెనుక గోడంతా నింపేస్తుంది. ఆకు మొదలు నుంచి పెరుగుతుంది కాబట్టి కొనలు కోసినా ఆకు చావదు, కోసిన అంచు మాత్రం గోధుమరంగుకు తిరిగి వికారంగా కనిపిస్తుంది. పొడవు తగ్గించడం కంటే బాగా పొడవైన ఆకులను మొదలంటా తీయడం, అవసరం లేని పిలకలను తల్లి మొక్కతో కలిపే తీగ కోసి పెరికేయడం మంచి దారి. ద్రవ కార్బన్ పేరుతో వచ్చే మందుల్లో ఉండేది చాలావరకు గ్లూటరాల్డిహైడ్ జాతి రసాయనం. అది వాలిస్నేరియాకు పడదు, ఆకులు కరిగిపోతాయి. ఆ మందు వాడేవారు ఈ మొక్కను, ఈ మొక్క ఉన్నవారు ఆ మందును మానుకోవాలి.

నేలను కప్పే పచ్చిక

ఫోటోల్లో అందరినీ ఆకర్షించేది ఇదే. మొదటి తొట్టెలో పెట్టవద్దని గట్టిగా చెబుతాను. కారణం పెంచడం కష్టమని కాదు. సరైన వెలుతురు, గ్యాస్ ఇస్తే బాగానే పెరుగుతుంది. అలా పెరగడమే దాని చిక్కు. ఒక పొర మీద ఇంకో పొర కమ్ముకుంటుంది, అడుగు పొరకు వెలుతురు, నీటి కదలిక అందక కుళ్లుతుంది, ఒకరోజు మొత్తం పచ్చిక దుప్పటిలా ఊడి నీటి పైకి తేలుతుంది. అప్పటికి పాతుకున్న వేళ్లన్నీ పోయినట్టే. దీనికి మందు ఒక్కటే: బాగున్నప్పుడే కోయడం. రెండు మూడు సెంటీమీటర్ల మందం దాటకముందే, వంపు కత్తెరను నేలకు సమాంతరంగా పట్టి, ఒకటిన్నర సెంటీమీటరు దాకా దించేయాలి. కోసిన రోజు బోసిగా కనిపిస్తుంది. వారం పది రోజుల్లో తేరుకుంటుంది.

రకాల్లో తేడా గట్టిగానే ఉంది. క్యూబాకు చెందిన హెమియాంథస్ కాలిట్రికోయిడిస్ ఆకులు చిన్నవి, పచ్చిక అద్భుతంగా అల్లుకుంటుంది, కానీ గ్యాస్ లేకుండా దాని మీద ఆశ పెట్టుకోకూడదు. మాంటీ కార్లో అని పిలిచే మైక్రాంథెమమ్ ట్వీడీ ఆకు కొంచెం పెద్దది, తప్పులను ఎక్కువ ఓర్చుకుంటుంది. ఈ రెండింటిలో ఒకటి తేల్చమంటే సందేహం లేకుండా రెండోదే. గడ్డిపోచల్లా ఉండే ఎలియోకారిస్‌ను కత్తిరించడం సులువు, పోచల మధ్య చేరే మురికిని తీయడమే కష్టం. గ్యాస్ లేనివారికి మార్సీలియా హిర్సూటా ఉంది. చాలా నిదానంగా పాకుతుంది, నేల నిండడానికి నెలలు పడుతుంది, కత్తెర అవసరం మాత్రం అరుదు. ఓపిక ఉన్నవారు దాన్నే ఎంచుకోవాలి.

మాస్, తేలే మొక్కలు

జావా మాస్ అనే నాచు మొక్క ఏ వెలుతురులోనైనా పెరుగుతుంది. కోసేటప్పుడు ఫిల్టర్ ఆపాలి, లేకపోతే ముక్కలు తొట్టె అంతా చెదిరి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. పలుచగా కట్టి, తరచుగా కొద్దికొద్దిగా కోస్తేనే దుంగకు అంటుకుని ఉంటుంది. తేలే మొక్కలకు కత్తెరతో పనే లేదు, వారానికోసారి గుప్పెళ్లతో తీసేయడమే. గాలి నుంచి నేరుగా కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి కాబట్టి వాటికి ఎప్పుడూ కొరత ఉండదు. సాల్వీనియా, అంతరతామర పెద్దవి, ఏరడం తేలిక. గింజంత ఉండే డక్‌వీడ్‌ను మాత్రం తొట్టెలోకి రానివ్వకండి, వచ్చాక పూర్తిగా వదిలించుకోవడం దాదాపు అసాధ్యం.

గ్యాస్ పెట్టాలా, వద్దా

కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. చేపలు, బ్యాక్టీరియా దానికి కొంత చేరుస్తాయి. నీటి మొక్కలకు ఆకలి ఎక్కడుందో దీన్నిబట్టి తెలుస్తుంది. సిలిండర్ పెట్టేవారు సాధారణంగా లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు ఉండేలా చూస్తారు. అంతకు మించితే చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

మూడు దారులున్నాయి. సిలిండర్, రెగ్యులేటర్, సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) ఉన్న ఏర్పాటు ఖరీదైనదే, కానీ స్థిరంగా పనిచేస్తుంది. దీపం వెలగడానికి గంటా రెండు గంటల ముందు తెరుచుకుని, దీపం ఆరడానికి గంట ముందు మూసుకునేలా టైమరు పెట్టుకోవచ్చు. నాలుగు డిగ్రీల కార్బొనేట్ కాఠిన్యం ఉన్న ద్రావణంలో, పీహెచ్‌ను బట్టి రంగు మారే బ్రోమోథైమాల్ బ్లూ వేసిన చిన్న గాజు బుడ్డిని తొట్టెలో వేలాడదీస్తే, అది నీలంగా ఉన్నప్పుడు గ్యాస్ తక్కువ, ఆకుపచ్చగా ఉన్నప్పుడు సరిపడా, పసుపుగా మారితే ప్రమాదం. రెండో దారి చక్కెర, ఈస్టు సీసా. చవక, కానీ గ్యాస్ మొదట్లో ఎక్కువగా వచ్చి క్రమంగా తగ్గిపోతుంది. ఆ హెచ్చుతగ్గులే పాచికి ఊతమిస్తాయి. చాలా చిన్న తొట్టెకైతే సరే, పెద్దదానికి నేను సిఫారసు చేయను. మూడోది అసలు గ్యాస్ పెట్టకపోవడం. ఇది రాజీ బాట కాదు, గౌరవప్రదమైన ఎంపిక. దీపాన్ని రోజుకు 6 నుంచి 8 గంటలకు పరిమితం చేసి, వెలుతురు మధ్యస్థంగా ఉంచి, కొమ్ము మొక్కలు, క్రిప్టోకోరిన్, మాస్ పెట్టుకుంటే తొట్టె ఏళ్ల తరబడి నిలకడగా ఉంటుంది.

గ్యాస్ పెట్టడమంటే కత్తెర పని రెట్టింపు కంటే ఎక్కువ కావడమే. నీటిలో వారం వారం ఎరువు వేయాలి, వారానికి సగం నీరు మార్చాలి, వెనుక వరుసను కోయాలి. ఆ పని ఇష్టమైతేనే సిలిండర్ కొనండి. ఇష్టమైనవారికి మాత్రం, మధ్యాహ్నం ఆకుల మీద నుంచి ఆక్సిజన్ బుడగలు ముత్యాల్లా పైకి లేచే దృశ్యానికి సాటి లేదు.

మట్టి, కుండీ, కప్పు

అడుగు మట్టి గురించి క్లుప్తంగా. కాల్చిన బంకమట్టి గుళికలుగా దొరికే అక్వా సాయిల్ పోషకాలతో వస్తుంది, నీటి పీహెచ్‌ను కొంత తగ్గిస్తుంది, మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతుంది, ఒకటి రెండేళ్లలో సారం కోల్పోతుంది. పచ్చిక, కత్తి మొక్కలు కావాలంటే ఇదే. కొమ్ము మొక్కలు, మాస్ మాత్రమే పెట్టేవారికి వట్టి ఇసుక చాలు, సాయిల్ కొనడం వృథా. తరచూ పెరికి నాటేవారు తోట మట్టి మీద ఇసుక కప్పే పద్ధతి జోలికి పోకూడదు, ప్రతిసారీ బురద పైకి వస్తుంది.

మొక్కలు అమ్మే రూపాల్లో కుండీ మొక్కలు చాలావరకు నీటి బయట, తేమ గాలిలో పెంచినవి. నీటిలో పెట్టిన కొన్ని వారాల్లో పాత ఆకులు పోయి, నీటికి తగిన కొత్త ఆకులు వస్తాయి. ఇది సహజం. పాత ఆకులను కొద్దికొద్దిగా తీస్తూ ఉంటే చాలు. కణజాల వర్ధనం (టిష్యూ కల్చర్) ద్వారా ప్లాస్టిక్ కప్పుల్లో జెల్ మీద పెంచిన వాటిలో నత్తలు, పాచి, పురుగుమందుల అవశేషాలు ఉండవు. రొయ్యలు పెంచేవారికి ఇది పెద్ద నిశ్చింత. కానీ అవి చిన్నవి, సుకుమారం, కుదురుకోవడానికి సమయం పడుతుంది. పచ్చికకు కప్పులు, అనూబియాస్‌కు కుండీలు మేలని నా అభిప్రాయం. ఒక కప్పులో అరచేతి వైశాల్యానికి సరిపడా చిన్న చిన్న కుచ్చులు వస్తాయి, జెల్ పూర్తిగా కడిగి పట్టకారుతో ఎడంగా నాటుకోవచ్చు.

మీకు ఏది?

నెలకు ఒక గంట మించి కేటాయించలేనివారు అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్, కాస్త మాస్ పెట్టుకోవాలి. గ్యాస్ వద్దు, దీపం మితంగా. వారానికి అరగంట దొరికేవారు వీటికి వెనుక బకోపా, లడ్విజియా చేర్చుకోవచ్చు. రొటాలా పొదలు, పచ్చిక, ఎరుపు మొక్కలు వారాంతంలో రెండు గంటలు తొట్టె ముందు కూర్చోవడం ఆనందంగా భావించేవారికే.

అయితే నిదానపు మొక్కలే పెట్టాలని నిర్ణయించుకున్నవారు కూడా మొదటి రెండు మూడు నెలలు వేగంగా పెరిగేవాటిని దట్టంగా నాటాలి. కొత్త తొట్టెలో అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియా ఇంకా కుదురుకోదు, అందుకే అమ్మోనియా మిగిలిపోతుంది. హైగ్రోఫిలా, లిమ్నోఫిలా, తేలే మొక్కలు దాన్ని నేరుగా పీల్చుకుని పాచికి అందకుండా చేస్తాయి. అనూబియాస్ ఒక్కటే పెట్టిన కొత్త తొట్టెలో ఆ పని చేసేవారే ఉండరు. తర్వాత తొట్టె నిలకడపడ్డాక, వారానికి కొన్ని చొప్పున వాటిని తీసేయండి. ఒకేసారి ఖాళీ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కోసే రోజు

కత్తెరలకు వస్తే, పొడవైన నిటారు కత్తెర కాండాలకు, వంపు కత్తెర పచ్చికకు, పొడవాటి పట్టకారు నాటడానికి. మూడూ తుప్పు పట్టని ఉక్కువి తీసుకోండి, వాడాక మంచినీళ్లతో కడిగి తుడిచి ఆరబెట్టండి. మొద్దుబారిన కత్తెర కాండాన్ని కోయదు, నలుపుతుంది. నలిగిన చోట కుళ్లు మొదలవుతుంది.

ముందు ఫిల్టర్ ఆపండి. ఒకేరోజు అన్ని మొక్కలనూ కోయకండి. తొట్టెలోని మొత్తం ఆకుల్లో మూడో వంతుకు మించి తీసేస్తే, పోషకాలు తాగే నోళ్లు ఒక్కసారిగా తగ్గి పాచికి అవకాశం దొరుకుతుంది. తేలిన ముక్కలన్నీ వలతో తీసి, ఆ రోజే 30 నుంచి 50 శాతం నీరు మార్చండి. కోసిన గాయాల నుంచి స్రవించే సేంద్రియ పదార్థం దాంతో పోతుంది. నాలుగైదు రోజులు దీపాన్ని గంట తగ్గించినా మంచిదే.

రెండు వారాల తర్వాత చిగుళ్లను గమనించండి. ఎరువు విషయం అవే చెబుతాయి. నత్రజని, పొటాషియం మొక్కలో కదులుతాయి, అందుకే వాటి కొరత ముందు ముసలి ఆకుల్లో కనిపిస్తుంది: పసుపు రంగు నత్రజనిది, సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలు పొటాషియంవి. ఇనుము కదలదు, దాని కొరత కొత్త చిగుళ్లను పాలిపోయేలా చేస్తుంది. ఆకులన్నీ ఆరోగ్యంగా ఉండి అడుగు మాత్రం ఖాళీ అవుతుంటే అది ఎరువు కొరత కాదు, నీడ సమస్య. ఎరువు పెంచకుండా పైన పలుచన చేయండి.

కోసిన వ్యర్థాలను చెరువులో, కాలువలో, మురుగు తూములో వేయకండి. గుర్రపు డెక్క అలంకార మొక్కగానే దక్షిణ అమెరికా దాటి వెళ్లి ఎన్నో దేశాల జలాశయాలను కప్పేసింది. సాల్వీనియా, అంతరతామర, హైగ్రోఫిలా చేతుల్లోనూ అదే బలం ఉంది, ఒక కణుపున్న ముక్క చాలు మొలకెత్తడానికి. ముక్కలను కాగితం మీద పరిచి పూర్తిగా ఎండనిచ్చి, ఆ తర్వాత కంపోస్టులో వేయండి. పనికొచ్చే తలలను మాత్రం తడి కాగితంలో చుట్టి సంచిలో పెడితే రెండు మూడు రోజులు తాజాగా ఉంటాయి, ఈలోపు తొట్టె ఉన్న మరొకరికి ఇవ్వవచ్చు.